రెండో యాపిల్ ఎవరు కోశారు?

నేను ఆ గదిలో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం మూడున్నర. ఇన్‌స్పెక్టర్ అప్పటికే కేసు ముగించేసి, చేతులు కడుక్కుని, తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు.

"రండి తాతగారూ, రండి. ఈసారి ఎవరి పిల్లి తప్పిపోయింది?"

"పిల్లి కాదు నాయనా. మీ బుర్రెక్కడో పారేసుకున్నారని కింద అనుకుంటుంటే, దొరికిందేమో చూసిపోదామని వచ్చాను."

మూలనున్న కానిస్టేబుల్ నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

నన్ను పిలిపించింది కింది వాటాలో ఉండే టైలరమ్మ. యాభై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు ఇంకా తీయలేదు. గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

జరిగింది ఇదీ. ఈ పై వాటా వంట మేస్త్రీ గారిది. పెద్ద హోటల్లో ముప్ఫై రెండేళ్ళు కోల్డ్ సెక్షన్ నడిపాడాయన. పొయ్యి ముట్టకుండా విందు చేయడం ఆయన పని: కోయడం, తుడవడం, పేర్చడం, చల్లగా ఉంచడం. ఈ రోజుతో ఆయనకి డెబ్బై నిండాయి. పన్నెండున్నరకి పార్టీ అని, హోటల్లో తనతో పనిచేసిన నలుగురినీ, టైలరమ్మనీ పిలిచాడు. ఎవరికో అర్జెంటుగా బట్టలిచ్చి రావడంలో టైలరమ్మకి ఆలస్యమైంది. ఒంటిగంటా పదికి పైకొచ్చి తలుపు కొడితే పలుకు లేదు. లాగితే దానంతటదే గడియ పడిపోయే తలుపు అది. ఆవిడ తన దగ్గరున్న రెండో తాళంచెవితో తీసింది. మేస్త్రీ బల్ల పక్కన బోర్లా పడున్నాడు. తల వెనక దెబ్బ. దగ్గర్లోనే ఆలివ్ కాయల గాజు జాడీ, ఒక్క వేలిముద్ర లేకుండా తుడిచి పెట్టి ఉంది. మనిషిలో ఊపిరుంది. రెండింటికల్లా ఆస్పత్రిలో చేర్చారు, ఇంకా స్పృహ రాలేదు.

రెండున్నరకల్లా ఇన్‌స్పెక్టర్ ఒక ముసలాయన్ని తెచ్చి లాకప్‌లో కూర్చోబెట్టాడు. పిలిచిన నలుగురిలో వచ్చినవాడు ఆయనొక్కడే. హోటల్లో అందరూ ఆయన్ని 'ఉప్పుచెయ్యి' అనేవాళ్ళు. ఏది చేసినా ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ పడేది కాబట్టి.

"టైములు చెబుతాను, రాసుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు. "తొమ్మిదికి మేస్త్రీ ఐసు సంచి మోసుకుని పైకెక్కడం ఈవిడ చూసింది. తొమ్మిదిన్నరకి ఆయన మేనల్లుడు వచ్చి విషెస్ చెప్పి, పదికి వెళ్ళాడు. అప్పటికి ఈ పళ్ళెం సగమే అయిందట. పదీ ఇరవై నుంచి ఒంటిగంటన్నర దాకా తన కళ్ళజోళ్ళ షాపులోనే ఉన్నాడు, తొమ్మిదిమంది సాక్షులు. ఇప్పుడు చూడండి, పళ్ళెం పూర్తిగా అయిపోయింది. ఆ మిగతా సగానికి తక్కువలో తక్కువ గంట పడుతుంది. అంటే పదకొండు దాకా మేస్త్రీ నిలబడి చక్కగా కోసుకుంటున్నాడు. పన్నెండూ ఇరవైకి ఉప్పుచెయ్యి మెట్లెక్కాడు, ముప్పావుకి దిగాడు. ఎదురింటావిడ చూసింది. ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఇంకేం కావాలి?"

"డాక్టరేమన్నాడు?"

"దెబ్బ తగిలింది తొమ్మిదికీ ఒంటిగంటకీ మధ్యలోనట. అంతకన్నా చెప్పలేనన్నాడు. అందుకేగా పళ్ళెం చూసి చెబుతున్నాను."

"బాగుంది. మా రోజుల్లో కోడి కూస్తే టైము చెప్పేవాళ్ళు. మీరు కీరా ముక్క చూసి చెబుతున్నారు."

వెక్కిరించానే గాని, నా కళ్ళు కూడా ఆ బల్ల మీదే ఉన్నాయి. ఐసు పరిచిన ట్రే, దాని మీద బండిచక్రమంత పళ్ళెం. ఐసు నీళ్ళైపోయింది. పక్కన ఆరు చిన్న ప్లేట్లు, ఆరు గుడ్డ రుమాళ్ళు. గోడకి అంటించిన కాగితం మీద నాలుగు పేర్లు, మూడింటి మీద గీతలు. ఒక్కో గీత పక్కన ఒక్కో ముక్క. 'ఒంట్లో బాగాలేదట.' 'కూతురింటికి వెళ్ళాడట.' మూడోదాని పక్కన, 'పోయాడట. రెండేళ్ళైందట.'

పార్టీకి పిలుద్దామని ఫోన్ చేస్తే తెలిసిందన్నమాట. ముగ్గురు రారని తెలిశాక కూడా ఆరు ప్లేట్లూ తుడిచి పెట్టాడు మేస్త్రీ. మా ఇంట్లో రెండు ప్లేట్లున్నాయి. రెండోది ఎందుకు కడిగి బోర్లిస్తుంటానో నాకూ తెలీదు, అందుకని ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

వంగి పళ్ళెం చూశాను. ఎడమవైపు చీజ్ ముక్కలు, అన్నీ బొటనవేలి గోరంత, ఒకదానికొకటి కవల పిల్లల్లా. ద్రాక్ష, నాలుగేసి పళ్ళ గుత్తులుగా కత్తెరతో కత్తిరించి. కీరా ముక్కలు తడి లేకుండా. యాపిల్ ముక్కలు ఇంత సేపైనా తెల్లగానే ఉన్నాయి. కుడివైపు మరో యాపిల్, తుప్పు రంగుకి తిరిగి. కీరా ముక్కలు ఒకటి కాగితమంత, ఇంకొకటి ఇటుకంత, చుట్టూ నీటి మడుగు. టమాటాలకి తొడిమలు తీయలేదు. ఆ మడుగులోనే ఉప్పు బిస్కెట్లు, ఉబ్బి, గోడ మీద తడిసిన పోస్టర్లలా వేలాడుతున్నాయి. అర నిమ్మచెక్క ఒకటి బల్ల కింద నేల మీద, మేస్త్రీ చెయ్యి పడి ఉన్న చోటని సుద్దతో గీసిన గుర్తు పక్కనే.

ఈ తేడా నా కంటికి కనబడిందే గాని, దాని అర్థం బుర్రకి అందలేదు. నా వంట సంగతి దేవుడికే తెలియాలి, ఒకసారి నేను నీళ్ళు కాస్తే అవి కూడా అడుగంటాయి.

"ఈ పళ్ళెం ఫోటో ఒకటి తీసి నాకు పంపు నాయనా," అని కానిస్టేబుల్‌తో అని, రుమాళ్ళ సొరుగు లాగాను. అడుగున పాత పేపర్లో చుట్టిన బరువైనదేదో తగిలింది. విప్పితే ఇత్తడి పలక. తలుపు మీద కొట్టే పేరు పలక, కొత్తది. రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. పైది మేస్త్రీది.

గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి టైలరమ్మకి చూపించాను. ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. కొలతల టేపు కొసతో కింది పేరు తుడిచింది, అది తనదేనా అన్నట్టు.

"అమ్మా, ఈ సంగతి నీకు తెలుసా?"

"తెలీదండీ. నిన్న షర్టు కొలతలివ్వడానికొచ్చి, 'రేపు అందరికంటే ముందు నువ్వు రా, నలుగురిలో ఒక మాట అడగాలి' అన్నారు. ఏంటో చెప్పండి అంటే, 'నలుగురుంటే గాని నాకు ధైర్యం చాలదు' అని నవ్వేశారు." ఆవిడ మెడలోంచి టేపు తీసి వేళ్ళకి చుట్టుకుంది. "నేనే ఆలస్యంగా వచ్చాను."

"మేనల్లుడికి తెలుసా?"

"తెలిస్తే ఊరుకుంటాడాండీ? మామయ్య తర్వాత ఈ ఇల్లు తనదేనని ఎనిమిదేళ్ళుగా అందరికీ చెప్పుకుంటున్నాడు. మొన్న టేపు పెట్టి ఆ గోడ కూడా కొలుచుకెళ్ళాడు, కళ్ళజోళ్ళ అద్దాలబీరువా పట్టుద్దా అని."

"పట్టిందా?"

"మేస్త్రీ గారు కుర్చీ అడ్డమేసుకుని కూర్చున్నారు. పట్టలేదు."

వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ పలక లాక్కుని చూసి, బల్ల మీద పడేశాడు. "ప్రేమకథలు నాకెందుకు? సాక్ష్యం కావాలి. మేనల్లుడు షాపులో ఉన్నాడు. మీరింటికెళ్ళి పడుకోండి తాతగారూ."

"వెళ్తాను. దారిలో ఆస్పత్రి ఉంది."

"మీ ఇల్లు అటు కాదుగా?"

"నేను చుట్టు తిరిగి వెళ్ళే రకం."

*

నాలుగుంపావుకి ఆస్పత్రి రెండో అంతస్తులో ఉన్నాను. మేస్త్రీ గది బయట ఒక కానిస్టేబుల్ కాపలా. పక్క బెంచీ మీద మేనల్లుడు, ముప్పై అయిదేళ్ళవాడు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. గోడ మీద బోర్డు: రోగి బంధువులకు మాత్రమే ప్రవేశం.

"బాబూ, టైలరమ్మని లోపలికి పంపలేదటేం?"

"ఆవిడ మాకేమవుతుంది సార్? బోర్డు చదువుకోండి."

పేచీకి పోలేదు. పక్కన కూలబడి, కాళ్ళు చాపి, నిట్టూర్చాను. నాకొక పాత అలవాటుంది. ఎదుటివాడు కొలిచి కొలిచి మాట్లాడే రకమైతే, ప్రశ్నలు మానేసి కోతలు కోస్తాను. వాడు విసుగెత్తిపోయి, నన్ను వదిలించుకోవడానికి తను దాచుకున్నది కూడా విసిరేస్తాడు.

"మా ఊళ్ళో కత్తులు సానపట్టేవాడొకడు ఉండేవాడు. వాడు సానపట్టిన కత్తితో పళ్ళవాడు పొద్దున తొమ్మిదికి పుచ్చకాయ కోశాడు. కాయ విడిపోలేదు. ఎందుకంటావ్? తెగినట్టు దానికి తెలీదు! పన్నెండింటికి ఎవరో వచ్చి వేలితో తట్టి 'పండేనా?' అంటే, అప్పుడు 'అయ్యో' అని రెండు చెక్కలైంది."

"సార్, నాకిప్పుడు కథలు..."

"ఆగు, అసలు కథ ఇంకా రానే లేదు. ఆ పళ్ళవాడి తమ్ముడు అదే కత్తితో తన నీడని కోసుకుని, మూడు రోజులు నీడ లేకుండా తిరిగి..."

"మామయ్య గురించి అడుగుతారా, వెళ్తారా?"

"అదే అడుగుతున్నాను. కత్తి సంగతి. నువ్వెళ్ళేటప్పుడు మీ మామయ్య కత్తి పట్టుకున్నాడా, కింద పెట్టాడా? పట్టుకున్నవాడైతే నా కథలో..."

"పట్టుకునే ఉన్నాడు!" అతను దాదాపు అరిచాడు. "చీజ్ అయింది, ద్రాక్ష అయింది, కీరా సగం అయింది, ఒక యాపిల్ అయింది. రెండో యాపిల్ చేతిలోకి తీసుకుని, ఇక నువ్వు షాపుకి పో అన్నాడు. సరిగ్గా పది. నేను మెట్లు దిగుతుంటే కత్తి టకటకలు వినిపిస్తూనే ఉన్నాయి. చాలా?"

"చాలు బాబూ. ఏమంటున్నారు డాక్టర్లు?"

"సాయంత్రానికి మెలకువ రావచ్చట." కళ్ళజోడు పెట్టుకుని, మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. ఎదురుచూసేవాడి చూపులా లేదది. బస్సు రాకూడదని స్టాపులో నిలబడ్డవాడి చూపులా ఉంది.

*

స్టేషన్ చేరేసరికి అయిదూ పది. ఉప్పుచెయ్యి లాకప్ మూలన, ఇస్త్రీ చొక్కా నలక్కుండా నిటారుగా కూర్చున్నాడు. కటకటాల బయట బల్ల మీద, అతని దగ్గర తీసుకున్న సామానులో, రంగు కాగితం చుట్టిన చిన్న పొట్లం.

"ఏంటది?"

"చాకు. చిన్నది, తొక్క తీసేది. వాడిదెప్పుడో అరిగిపోయి ఉంటుందని." నవ్వబోయాడు. "ఇన్‌స్పెక్టర్ గారు దాన్ని చూడగానే సంతోషపడిపోయారు."

"గొడవెందుకు వచ్చింది మీకు?"

"రిటైరైన రోజు. నా చివరి పళ్ళెం. అందరి ముందూ వాడు కీరా ముక్క నోట్లో వేసుకుని, 'ఈ చెయ్యి వెళ్ళిపోతోంది, ఇక సముద్రం కూడా చప్పబడుతుంది' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. అంతే. తొమ్మిదేళ్ళు."

"ఇవాళ?"

"మొన్న ఫోన్ చేశాడు. 'ఒరేయ్, రా' అన్నాడు. ఇంకేం అనలేదు. వెళ్ళాను. తలుపు కొట్టాను, పలకలేదు. మళ్ళీ కొట్టాను. పిలిచాక మళ్ళీ కోపం వచ్చిందేమో, పక్కింటివాళ్ళ ముందు నన్ను ఇలా నిలబెట్టాలనుకున్నాడేమో అనుకున్నాను. అయినా పోబుద్ధి కాలేదు. మెట్ల మీద కూర్చున్నాను, ఇరవై నిమిషాలు. తలుపు వైపు తిరిగి 'సరే, నా ఉప్పు ఎక్కువే' అని కూడా అన్నాను." చొక్కా మడత సరిచేసుకున్నాడు. "అప్పుడు వాడు తలుపుకి ఆ పక్కన పడున్నాడటగా. మూడడుగుల దూరం."

కటకటాల దగ్గరికి జరిగాను. ఫోన్ తీసి ఫోటో చూపించాను. కళ్ళు చిట్లించి, దగ్గరికి లాక్కుని, ఉన్నట్టుండి నిటారుగా అయ్యాడు. ఖైదీ పోయి పనివాడు వచ్చి కూర్చున్నాడు.

"ఇదెవడు చేశాడు?"

"మేస్త్రీ."

"ఎడమ సగం వాడిదే. కళ్ళు మూసుకుని చెబుతాను. కీరాకి ఉప్పు రాసి, నీరు ఊరాక గుడ్డతో అద్దాడు. యాపిల్ కోసిన వెంటనే నిమ్మచెక్కతో రుద్దాడు, అందుకే తెల్లగా ఉంది. ఈ కుడి సగం మాత్రం వాడిది కాదు. ఈ రెండో యాపిల్‌కి నిమ్మ తగల్లేదు. కీరా తుడవలేదు. ఇక ఈ బిస్కెట్లు! వాడు నా చేతి మీద గరిటెతో కొట్టి నేర్పించాడండీ. బిస్కెట్టు పళ్ళెంలోకి రావాలంటే ముందు అతిథి గుమ్మంలోకి రావాలి. అప్పటిదాకా డబ్బా మూత తీయకూడదు, మెత్తబడిపోతుంది. ఒకసారి అరగంట ముందు పేర్చానని పళ్ళెం మొత్తం పారేయించాడు. మనిషి లేని గదిలో వాడు బిస్కెట్లు పేర్చడు. చచ్చినా పేర్చడు."

ఆ చివరి మాట అని, తనే ఉలిక్కిపడి నోరు మూసుకున్నాడు.

నేను లేచి ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన సంతకాలు పెడుతున్నాడు.

"మీ గడియారం ఆగిపోయింది నాయనా. పళ్ళెం చేసింది ఒకరి చెయ్యి కాదు, ఇద్దరివి. మొదటి యాపిల్ మేస్త్రీది. రెండోది చేతిలోకి తీసుకున్నప్పుడు దెబ్బ పడింది, నిమ్మచెక్క ఆయనతోపాటే నేలకి జారింది. మిగతాదంతా కొట్టినవాడు పూర్తి చేశాడు. చేతికొచ్చింది కోసి, డబ్బాలో ఉన్నది పేర్చాడు. దానికి పావుగంట చాలు."

"ఎవడైనా మనిషిని పడగొట్టి, నిలబడి కీరా కోస్తాడా?"

"పని ఆగలేదని మీరు నమ్మితే ఎవరికి లాభమో వాడు కోస్తాడు. ఉప్పుచెయ్యికి ఏం లాభం? ఆయన వచ్చిందే పన్నెండూ ఇరవైకి. పైగా ఆయనే చేసుంటే ఆ కీరా తుడవకుండా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. పదీ ఇరవై నుంచి తొమ్మిదిమంది సాక్షులున్నది ఎవరికి? ఆ పలక తలుపెక్కితే ఇల్లు చెయ్యిజారేది ఎవరికి?"

ఇన్‌స్పెక్టర్ కలం ఆపాడు. "పదికి అతను వెళ్ళాక ఇంకెవడో వచ్చి ఉండొచ్చుగా?"

"రావచ్చు. వచ్చినవాడికి ఆ మెట్లూ, ఆ బల్లా తెలిసి ఉండొచ్చు కూడా. కానీ మేస్త్రీ చెయ్యి ఆగింది సరిగ్గా రెండో యాపిల్ దగ్గరని ఆ గదిలో ఉన్నవాడికి తప్ప ఎవరికీ తెలీదు. పళ్ళెం చూసిన మీకు తెలీదు, నాకు తెలీదు, ఏళ్ళ తరబడి అదే పని చేసిన మనిషి ఇప్పుడు చెబితే తెలిసింది. గంట క్రితం మేనల్లుడు తన నోటితో చెప్పాడు. చీజ్ అయింది, ద్రాక్ష అయింది, కీరా సగం అయింది, ఒక యాపిల్ అయిందని. మిగతా సగం మామయ్యే కోశాడని నమ్మించడానికి, ఎక్కడ ఆపాడో అంత కచ్చితంగా అప్పజెప్పాడు. ఆ తర్వాత కత్తి టకటకలు విన్నానన్నాడు. విన్నది నిజమే. ఆ కత్తి అతని చేతిలోనే ఉంది."

ఆయన నోరు తెరిచాడు. నేను చాలా ఏళ్ళుగా ఆ నోరు అలా తెరుచుకోవాలని కోరుకుంటున్నవాణ్ణే. కానీ ఆ క్షణంలో నాకు సంతోషం కలగలేదు. ఎందుకంటే ఆయన భుజం మీదుగా, స్టేషన్ గుమ్మంలో టీ గ్లాసు ఊదుకుంటూ నిలబడ్డ మనిషి కనిపించాడు. నాలుగుంపావుకి మేస్త్రీ గది బయట కాపలా ఉన్న కానిస్టేబుల్.

"నువ్విక్కడున్నావేం?"

"అయిదింటికి వచ్చేయమన్నారండీ. దోషి దొరికాడు కదా, ఇంక కాపలా దండగని..." అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. జీపు తీయమని కేకేస్తూనే ఫోన్ అందుకున్నాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి నేను నొక్కాను. అటు మోగుతోంది. మోగుతోంది. ఎవరో నర్సమ్మ ఎత్తింది. గొంతులో నవ్వుంది, మంచి కబురు చెప్పబోయేవాళ్ళకుండే నవ్వు.

"రెండో అంతస్తు పేషెంటాండీ? ఇప్పుడే కళ్ళు తెరిచారు! ఏదో చెప్పాలని చెయ్యి ఊపుతున్నారు, మాట ఇంకా రావట్లేదు."

"గదిలోకి వెళ్ళమ్మా! ఇప్పుడే, నువ్వే స్వయంగా వెళ్ళు!" అని అరిచాను.

"అయ్యో, కంగారు పడకండి. ఆయనేం ఒంటరిగా లేరండీ. మేనల్లుడు గారు పక్కనే ఉన్నారు. మామయ్యతో కాసేపు మాట్లాడుకోవాలి, ఎవరూ రావద్దని, ఇప్పుడే లోపల గడియ పెట్టుకున్నారు."